నాలో మిగిలిన సంవత్సరం

నేను ఒక కంప్యూటర్ని. ఈ మాట అనగానే మీరు వెండిరంగులో మెరిసిపోతూ, ఒళ్ళో కూర్చోబెట్టుకోగానే మురిసిపోయే రకాన్ని ఊహించుకుంటారని నాకు తెలుసు. నేను ఆ రకం కాదు. నాది బల్ల కింద బతుకు. కాళ్ళ దగ్గర నల్లటి రేకుడబ్బా, బల్ల మీద తెర, రెంటికీ మధ్య దుమ్ముపట్టిన వైర్లు. పక్కమూత ఎప్పుడో ఊడిపోతే, గాలి తగులుతుందిలే అని మళ్ళీ బిగించలేదు. ఒకసారి ఒక ఎలుక లోపలికి తొంగిచూసి, కాపురానికి పనికిరాదనుకుని వెళ్ళిపోయింది. నాకు అవమానంగా ఉన్నా, మనసులో హమ్మయ్య అనుకున్నాను.

నేను గుంటూరులో ఒక షాపులో తయారయ్యాను. మెదడు ఒక దేశానిది, జ్ఞాపకశక్తి ఇంకో దేశానిది, ఫ్యాను ఏ దేశానిదో దానికే తెలియదు. అందుకే చూడవచ్చిన ప్రతివాడూ "బ్రాండెడా, అసెంబుల్డా?" అని గోత్రం అడిగినట్టు అడిగేవాడు. అసెంబుల్డ్ అనగానే మూతి విరిచేవాడు. అమ్మ ముక్కు, నాన్న కోపం, మేనమామ బట్టతల పెట్టుకుని తిరిగే ఈ మనుషులు ఒక్కచోటే తయారైనట్టు!

మొదట నన్ను చీరాలలో బ్రహ్మయ్య అనే ఆయన తన ఇంటర్నెట్ సెంటరుకు తెచ్చుకున్నాడు. పరీక్షల ఫలితాలొచ్చే రోజున నా ముందు ఎంత జనం! ఫెయిలైనవాళ్ళు నా నెత్తిన కొట్టేవాళ్ళు, పాసైనవాళ్ళు దేవుడికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. నాకు ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక బ్రహ్మయ్య సెంటరు మూసేశాడు. అప్పుడు గడియార స్తంభం పక్క సందులో డి.టి.పి. షాపు నడుపుకునే సువార్త నన్ను కొనుక్కుంది.

సువార్త గురించి చెప్పాలి. పొద్దున షట్టరు ఎత్తి, బల్ల తుడిచి, నన్ను ఆన్ చేసేముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేస్తుంది. అది నాకోసమేనని నా నమ్మకం. ఎందుకంటే నేను ఏ రోజు లేస్తానో, ఏ రోజు లేవనో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. వచ్చిన రోజే ఆమె నాలో విజయవాడ నుంచి తెప్పించిన ఒక తెలుగు టైపింగు ప్రోగ్రామును ఎక్కించింది. దాని గుట్టు మీకు విప్పి చెబుతాను. నిజానికి నాలో తెలుగు లేదు. ఉన్నవన్నీ పరాయి గుర్తులే. ఆ ప్రోగ్రాము వాటి మీద తెలుగు ముసుగు వేస్తుంది. తలకట్టు ఒక మీట, గుడి ఒక మీట, వత్తులన్నీ వేరే మీటలు. ముసుగు ఉన్నంతసేపూ తెరమీద ముత్యాల్లాంటి అక్షరాలు. అది తీసేస్తే ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి, ఆ సంగతి తలుచుకోకుండా రోజులు గడుపుతూ వచ్చాను.

ఒకప్పుడు మా షాపులో తీరిక ఉండేది కాదు. శుభలేఖలు, కరపత్రాలు, వడ్లమిల్లు బిల్లుపుస్తకాలు, చర్చి పాటల కాగితాలు. క్రమంగా ఒక్కొక్కటే ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు పెళ్ళికొడుకే తన శుభలేఖ తయారుచేసుకుని, తన పేరే తప్పుగా రాసుకుని, ఊరందరికీ ఫోనులో పంపుతున్నాడు. చివరికి మాకు మిగిలిన పెద్ద పని ఒక్కటే, లక్ష్మీపతి సిద్ధాంతిగారి పంచాంగం. "ఈ పంచాంగం ఉన్నంతకాలం షట్టరు తీస్తా. అది పోయిన్నాడు తాళం వేసుకుని ఇంటికి పోతా" అని సువార్త వచ్చినవాళ్ళతో అనేది. నవ్వుతూనే అనేది గానీ, నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది.

ఆమె తిథులనూ నమ్మదు, వర్జ్యాలనూ నమ్మదు. ఆదివారం చర్చికి వెళ్తుంది. అయినా ఆ పుస్తకంలో ఒక్క అక్షరం తప్పుపోయేది కాదు. సిద్ధాంతిగారు అన్నిటినీ నమ్ముతారు గానీ, సువార్తను తప్ప ఏ డి.టి.పి. వాళ్ళనూ నమ్మరు. ఈ ఇద్దరి మధ్యా నేను.

సిద్ధాంతిగారికి ఒక ఆచారం ఉంది. చేతిరాత ప్రతి సువార్త చేతికిస్తారు. ఆమె టైపు చేసి ప్రూఫు తీసిస్తే దిద్దుతారు. ఆఖరు దిద్దుబాట్లు నాలోకి ఎక్కాయని ఆమె చెప్పగానే, చేతిరాత ప్రతినీ, ప్రూఫు కాగితాలనూ పసుపుగుడ్డలో మూటకట్టి వాడరేవు తీసుకెళ్ళి సముద్రంలో కలిపేస్తారు. దేవతల పేర్లున్న కాగితాలు పొట్లాలు కట్టుకోవడానికి పోకూడదని ఆయన పట్టుదల. అంటే మూట నీళ్ళలో పడ్డ క్షణం నుంచి పుస్తకం అచ్చయ్యేదాకా, రాబోయే సంవత్సరం మొత్తం భూమ్మీద ఒక్క నాలోనే ఉంటుంది. ఆ బరువు ఎలాంటిదో మోసినవాళ్ళకు తెలుస్తుంది. ఆ రోజుల్లో కరెంటు రెప్పవేసినా నా గుండె జారిపోయేది.

ఇలా ఉండగా ఒకరోజు ప్రార్థన కాగానే నా తెరమీద ఒక మాట ప్రత్యక్షమైంది. నా ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాలం చెల్లిందనీ, ఇకమీదట దానికి రక్షణ లేదనీ, వెంటనే కొత్తదానికి మారాలనీ దాని సారాంశం. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే నా మనసు అనుకోండి. ఒళ్ళు ఇదే ఉంటుంది, మనసు మాత్రం మార్చుకోవాలట! కింద రెండు గడులు. ఒకటి 'ఇప్పుడే', రెండోది 'తర్వాత'. సువార్త 'తర్వాత' నొక్కింది. మర్నాడూ అదే మాట, అదే నొక్కుడు. 'తర్వాత' అన్నది మనుషులు కనిపెట్టిన మందుల్లోకెల్లా గొప్పది. రోగం తగ్గదు గానీ ఆ పూటకు నిద్ర పడుతుంది. నాకు ఆ నిద్ర కూడా లేదు. నొక్కిన ప్రతిసారీ, రేపు వేలు పక్కగడి మీద పడితే నా గతేమిటని వణికేవాణ్ణి.

మారకుండా ఉండిపోదామా అంటే అదీ భయమే. పక్కనున్న జిరాక్సు షాపులో నాకంటే చిన్నది ఒకటి ఉండేది. దానిదీ రక్షణ లేని మనసే. ఏదో వైరస్ దూరి, ఉన్న ఫైళ్ళన్నిటికీ లోపలినుంచి తాళాలు వేసేసింది. ఆ షాపాయన నెత్తికి చేతులు పెట్టుకుని మెట్టు మీద కూర్చుంటే, సువార్త మంచినీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చింది. తిరిగొచ్చి నావైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో జాలి ఎంతో అనుమానం ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

మాఘమాసంలో విజయవాడ ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది. కొత్త మిషన్లు పెట్టారట. పాత ప్రోగ్రాముతో చేసిన ఫైళ్ళు వాటికి ఎక్కవట. ఈ ఏటినుంచి ముసుగు అక్కర్లేని కొత్త పద్ధతిలోనే పంపాలట. దానికి నా పాత మనసు చాలదట. అప్పటికి పంచాంగం ఆఖరు ప్రూఫు దిద్దుబాటులో ఉంది. ఉగాది ఎంతో దూరం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సువార్త ఖాజావలిని పిలిపించింది. అతను మా సందులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. కుర్రవాడేం కాదు, నలుగురు పిల్లల తండ్రి. నాకు ఒంట్లో బాగాలేనప్పుడల్లా వచ్చే వైద్యుడు అతనే.

"ఇంక ఆగితే పని జరగదక్కా. కొత్తది పెట్టేద్దాం. పక్కోళ్ళకి ఏమైందో చూశావుగా" అన్నాడు.

"పెడితే నా టైపింగు ప్రోగ్రాము ఉండిద్దా?"

ఖాజావలి నా వెనక చెయ్యిపెట్టి ఏదో తడిమాడు. అబద్ధం చెప్పడం ఇష్టంలేనివాళ్ళు ముందుగా చేసే పని అదే. "చెప్పలేనక్కా. ఉంటే ఉండొచ్చు. అది అమ్మినోళ్ళు షాపెత్తేశారు. నీ దగ్గరున్న సీడీ గీతలు పడింది. ఫైళ్ళు మాత్రం ఎక్కడికీ పోవు, అది నా పూచీ."

"ఫైళ్ళుండి అక్షరాలు లేకపోతే ఏం చేసుకోను ఖాజా? నా వేళ్ళకి తెలిసింది అదొక్కటే. కొత్తది పెడితే ఈ వయసులో మళ్ళా అఆలు దిద్దుకోవాల."

"అందుకే ముందుగా దీన్ని ఉన్నదున్నట్టు మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ తీద్దాం. తేడా వస్తే వెనక్కి తెచ్చేసుకోవచ్చు. కాకపోతే ముసల్ది కదా, టైము పట్టిద్ది."

ముసల్ది అన్న మాటకు నొచ్చుకోవాల్సింది. కానీ వెనక్కి రావచ్చన్న మాట చెవినపడ్డాక ఇక నాకేదీ పట్టలేదు. సువార్తకూ కొంత ధైర్యం వచ్చినట్టుంది. అయినా ఆ వారమంతా ఆమె ఎటూ తేల్చుకోలేదు. 'ఇప్పుడే' గడి దాకా బాణం గుర్తును తీసుకెళ్ళేది, అక్కడే ఉంచి టీ తాగేది, మళ్ళీ 'తర్వాత' నొక్కేది. ఆ టీ తాగినంతసేపూ నా ఫ్యాను ఎంత గట్టిగా తిరిగేదో!

చివరికి ఆఖరు దిద్దుబాట్లు కూడా ఎక్కాక, విషయం సిద్ధాంతిగారికి చెప్పక తప్పలేదు. ఆయన ఎప్పటిలాగే మెట్టు మీద నిలబడి విన్నారు. ఇన్నేళ్ళలో ఆయన గడప దాటి లోపలికి వచ్చింది లేదు. ప్రూఫులు ఇవ్వడం, పుచ్చుకోవడం అంతా ఆ మెట్టు మీదే. ఎందుకని సువార్త అడగలేదు. ఆయనా చెప్పలేదు. అలాంటివి అడక్కుండానే తెలిసిపోయే ఊళ్ళు మావి.

"యంత్రానికి కొత్త మనసు పెట్టడమంటే మాటలా అమ్మా! మంచి సమయం చూసి చెయ్యాలి. గురువారం పుష్యమి వచ్చింది, దివ్యంగా ఉంది. పదకొండు దాటితే వర్జ్యం. ఆ లోపల మొదలుపెట్టేసెయ్యండి. ఆ పొద్దునే ప్రతిని కూడా వాడరేవులో కలిపేసి వస్తాను" అన్నారు.

ప్రతిని ఆ ఒక్కసారికీ ఉంచండి పంతులుగారూ అని సువార్త అడిగి ఉండాల్సింది. ఆయన ఆచారంలో తాను వేలుపెడితే బాగుండదనుకుంది. ఆ మొహమాటం ఖరీదు ఏమిటో తర్వాత ముగ్గురమూ చూశాం.

గురువారం వచ్చింది. ఖాజావలి పొద్దునే కొత్త డిస్కు తెచ్చి తగిలించి కాపీ మొదలుపెట్టాడు. నేను నిజాయితీగా ప్రయత్నించాను. కానీ ముసలి ప్రాణం, ఎప్పుడూ ఇంత మోత మోయలేదు. తెరమీద ఆకుపచ్చ గీత నత్తలా పాకుతోంది. అది సగం దాటే వేళకు సిద్ధాంతిగారు వాడరేవు నుంచి వచ్చేశారు. పంచె అంచు తడిసి ఉంది. చేతిలో మూట లేదు.

"ఇంకా మొదలుపెట్టలేదూ?" అన్నారు గడియారం చూసుకుంటూ.

"కాపీ అవ్వలేదు పంతులుగారూ. ఇంకో రెండు గంటలన్నా పట్టిద్ది" అన్నాడు ఖాజావలి.

"రెండు గంటలా? వర్జ్యంలో మొదలుపెడతారా? రాబోయే సంవత్సరమంతా ఉందయ్యా అందులో! అమ్మా సువార్తా, నామాట విను."

సువార్త ఆయన ముఖం చూసింది, ఆకుపచ్చ గీతను చూసింది. నమ్మకం లేని ముహూర్తం కోసం నమ్మకమున్న కాపీని ఆపాలి. ఆపకపోతే, ఉన్న ఒక్క ఖాతాదారు మనసు విరుగుతుంది. రేపు ఏ చిన్న కీడు జరిగినా వర్జ్యంలో చేసింది ఈవిడే అనుకుంటారు. నాకు నోరుంటే వద్దని అరిచేవాణ్ణి. నాకు తెలిసిన ఒకే ఒక్క భాష ఆలస్యం. ఆ రోజు ఆ భాషే నా కొంప ముంచింది.

"ఆపెయ్ ఖాజా. మొదలుపెట్టు" అంది.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పలేను. తెర నల్లబడింది. నేను లేను. మళ్ళీ ఉన్నాను.

లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా, తల దిమ్ముగా ఉంది. సువార్త కుర్చీ అంచున కూర్చుని పంచాంగం ఫైలు తెరిచింది. పేజీలు తెరుచుకున్నాయి. గళ్ళున్నాయి, గీతలున్నాయి, అంకెలు కూడా పొల్లుపోకుండా ఉన్నాయి. అక్షరాల చోట మాత్రం డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన రెండేసి చుక్కలు పెట్టుకున్న పరాయి అక్షరాలు. ముసుగు పోయింది. నాలో ఉన్న పుస్తకాన్ని నేనే చదవలేకపోయాను. ఇంతకన్నా ఏ వైరసో పట్టి చచ్చిపోయినా బాగుండేదనిపించింది.

ఖాజావలి గీతలుపడ్డ సీడీ పెట్టాడు, తీశాడు, చొక్కాకు తుడిచి పెట్టాడు. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఆ ప్రోగ్రాము ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. వెనక్కి వెళ్దామంటే కాపీ సగమే. సిద్ధాంతిగారు మెట్టు మీదినుంచే మెడ సాచి చూశారు. సరిగా కనబడక ఒక అడుగు వేశారు, ఇంకో అడుగు వేశారు. ఏం చేస్తున్నారో ఆయనకే తెలియకుండా గడప దాటి, నా తెర ముందుకు వచ్చి నిలబడ్డారు.

"సంవత్సరమంతా ఇట్లాగే ఉందా?" అన్నారు నెమ్మదిగా. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. శుభముహూర్తంలో చేసిన పని ఇలా అయితే అది దేనికి సూచనో అని ఆయన లెక్క వేసుకుంటున్నారని నాకు అర్థమైంది.

"తప్పు నాది పంతులుగారూ. ఆపమని చెప్పింది నేనేగా. గుంటూరు డి.టి.పి. వాళ్ళు ఈ పని ఇమ్మని ఎప్పట్నుంచో అడుగుతున్నారుగా, ఇంక వాళ్ళకే ఇచ్చుకోండి" అంది సువార్త. ఆ మాటతో షాపుకు తాళం పడినంత పనైంది.

"ఏమివ్వనమ్మా? నా చేతిలో ఏముంది ఇవ్వడానికి? మళ్ళీ గణితం వెయ్యాలంటే ఉగాది వెళ్ళిపోతుంది." ఆయన పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు.

సువార్త తెరవైపే చూస్తోంది. ఆమె చేతులు బల్లమీద ఉన్నాయి. కాసేపటికి ఒక వేలు కదిలింది, తర్వాత ఇంకోటి. మీటలు లేని చోట, ఉత్త చెక్కమీద ఆమె టైపు చేస్తోంది. ఒక గుర్తును చూడటం, ఆ గుర్తు ఒకప్పుడు ఏ మీటదో వేలితో వెతకడం, ఆ మీట ఏ అక్షరమో నోటితో అనడం.

"చ... ఇది ఐత్వం. చై. తకి రావత్తు. చైత్ర... శు... ఇదేందో తెలవట్లా. పా... పాడ్యమి."

"శుద్ధ" అన్నారు సిద్ధాంతిగారు, స్టూలు మీద నిటారుగా లేచి కూర్చుని. "శుద్ధ పాడ్యమి. పక్కన అంకె ఎంతుందమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. "నేను వేసిన లెక్కే. కానియ్యమ్మా."

అలా మొదలైంది. ఆ రోజునుంచి ఆయన పొద్దునే వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ఆమె గుర్తులు కూడబలుక్కుని చదివేది. వత్తుల దగ్గర తరచు తడబడేది. ఒక్కోచోట వరుసగా మూడు మాటలూ తెలిసేవి కావు. అప్పుడు ఆయన పక్కనున్న అంకె అడిగి, ఈ ఘడియలకు ముగిసేది ఏకాదశే అయి ఉండాలని తేల్చేవారు. ఒకసారి ఆయన విదియ అంటే ఆమె కాదంది, ఆ గుర్తు 'వి' కాదని పట్టుబట్టింది. ఆయన వేళ్ళమీద మళ్ళీ లెక్కవేసి, తదియే అన్నారు. తేలిన మాటను ఆమె కొత్త పద్ధతిలో ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ టైపు చేసేది. గాలిలా పరిగెత్తిన ఆ వేళ్ళు అలా తడుముకుంటుంటే నాకు ఏడుపొచ్చేది. అయినా తెరమీద తెలుగు కనబడుతోంది. ముసుగు కాదు, ఈసారి నిజంగా తెలుగే. ఖాజావలి మధ్యమధ్య వచ్చి, ఎక్కిందంతా ఎక్కినట్టే మూడుచోట్ల కాపీలు తీసేవాడు. ఎవరూ ముహూర్తం అడగలేదు.

నాకు మాత్రం ప్రతిరోజూ భయమే. గడువు అందుకుంటామా, లేదా? ప్రెస్సువాళ్ళు ఫోను మీద ఫోను. ఒకరోజు కరెంటు పోయింది. ఇంకోరోజు ఆమెకు కళ్ళు మంటలు. పుస్తకంలో కార్తీకం దాటింది, మార్గశిరం దాటింది, మిగిలిన పేజీలు తరిగాయి. ప్రెస్సు ఇచ్చిన గడువు రోజు మధ్యాహ్నానికి ఆఖరు పేజీకి వచ్చాం.

అది కృతజ్ఞతల పేజీ. అందులో అంకెలు లేవు. సిద్ధాంతిగారి లెక్కలు సాయం రావు. సువార్త ఒక్కతే చదువుకుంటూ వెళ్ళింది. కాగితమిచ్చిన దుకాణం పేరు, ప్రెస్సు యజమాని పేరు, ప్రకటనలిచ్చిన వ్యాపారుల పేర్లు, అమ్మిపెట్టే పుస్తకాల షాపుల పేర్లు. ఏటేటా ఆ పేజీని టైపు చేసింది ఆమే. దాన్ని ఆయన ఎదుట పైకి చదవడం ఇదే మొదటిసారి. ఒక్కొక్క పేరూ నింపాదిగా చదివి, కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అయిపోయిందండి పంతులుగారూ."

సిద్ధాంతిగారు తలవంచుకుని కూర్చున్నారు. తల ఎత్తకుండానే, "ఇంకా ఉందమ్మా" అన్నారు.

"లేదండి. ఇంతే ఉంది."

"ఉంది. నేను చెబుతాను, కొట్టు. అక్షరాలు కూర్చినది..." ఆయన తెరమీద ఆఖరు పేరు కిందున్న ఖాళీ చోటును వేలితో చూపించారు. "అక్షరాలు కూర్చినది, సువార్త."

"ఎందుకులెండి. పంచాంగంలో ఆ పేరుంటే కొనేవాళ్ళు ఏమన్నా అనుకుంటారేమో."

"అనుకోనీ. ఇన్నేళ్ళు నేననుకున్నది చాలదా? కొట్టమ్మా, అక్కడ ప్రెస్సువాళ్ళు ఫైలు కోసం కూర్చున్నారు."

సువార్త కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి పెట్టుకుంది. అక్షరాలు కూర్చినది అని కొట్టింది. తర్వాత వేళ్ళు మీటలమీద ఆగిపోయాయి. ఊళ్ళో అందరి పేర్లూ నాలో టైపు చేసిన మనిషి, తన పేరు ఎప్పుడూ చేయలేదు. ఇన్ని రోజులుగా కొడుతున్న 'స'నే ఎక్కడుందో తెలియనట్టు ఆమె వెతుక్కుంటుంటే, సిద్ధాంతిగారు తొందరపెట్టకుండా కూర్చున్నారు. నేనూ ఎదురుచూశాను.